ఒకే కాడికి రెండు బ్యాటరీలు

ఒక చిక్కు ప్రశ్నతో మొదలుపెడదాం.

అమెరికాలో ఒకాయనకు పాత సైనిక వాహనాలంటే మోజు అనుకోండి. సైన్యం వాడి, ఇక చాలని అమ్మేసిన పాత ట్రక్కు ఒకటి కొన్నాడు. అందులో 12 వోల్టుల బ్యాటరీలు రెండున్నాయి. వాటిలో ఒకటి పాడైపోయింది. రెండోది ఇంకా పనిచేస్తోంది కదా అని, పాడైనదాన్ని మాత్రమే తీసి దాని చోట కొత్తది పెట్టాడు. దారిలో పాటలు వినడానికి 12 వోల్టుల కారు రేడియో కూడా తెచ్చి, దాని తీగలను రెండు బ్యాటరీల్లో ఒకదానికి తగిలించాడు. రేడియో చక్కగా పాడింది. ట్రక్కు చక్కగా స్టార్టయింది. మీటరు చూస్తే ముల్లు ఉండవలసిన చోటే ఉంది.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు ట్రక్కు ఉలకలేదు, పలకలేదు. మూతలు తీసి చూస్తే ఒక బ్యాటరీలో నీరు ఇంకిపోయి పలకలు బయటపడ్డాయి. రెండోదానికి ఎంత ఛార్జి పెట్టినా పట్టడం లేదు. రెండూ చెడిపోయాయి. అదీ ఒక్కొక్కటి ఒక్కొక్క విధంగా!

మీటరు ఒక్కనాడు కూడా తేడా చూపలేదు. మరి తప్పు ఎక్కడ జరిగింది? జవాబు మీ భౌతికశాస్త్ర పాఠంలోనే ఉంది. దాన్ని వెతుక్కుంటూ వెళదాం.

రెండున్నర టన్నుల ట్రక్కు

మనం చెప్పుకొంటున్న ట్రక్కు పేరు ఎం-35. ఇది 1950 ప్రాంతంలో అమెరికా సైన్యంలో చేరింది. రోడ్డు లేని నేల మీద కూడా రెండున్నర టన్నుల బరువు మోసుకుపోయేట్లు దీన్ని తయారుచేశారు. ఇలాంటి ట్రక్కులను సైనికులు ‘డ్యూస్ అండ్ ఎ హాఫ్’ అని ముద్దుగా పిలిచేవారు. పేకముక్కల్లో రెండును ఇంగ్లీషులో ‘డ్యూస్’ అంటారు. అంటే ఆ పేరుకు అర్థం ‘రెండున్నర’ అనే! వియత్నాం యుద్ధంలో ఇవి విస్తారంగా తిరిగాయి. సైన్యం వదిలేసినవాటిని కొని, బాగుచేసి, ముచ్చటగా నడుపుకొనేవారు అమెరికాలోనూ యూరప్‌లోనూ ఇప్పటికీ ఉన్నారు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనిక ట్రక్కుల్లోనూ జీపుల్లోనూ సాధారణంగా 6 వోల్టుల విద్యుత్ ఏర్పాటే ఉండేది. యుద్ధం తర్వాత రూపొందించిన ఎం-35కు మాత్రం 24 వోల్టులు పెట్టారు. నాటో కూటమి దేశాలు కూడా తమ సైనిక వాహనాలకు 24 వోల్టులనే ప్రమాణంగా తీసుకున్నాయి. 6 ఎక్కడ, 24 ఎక్కడ? ఇంత పెంపు ఎందుకు?

చిన్న లెక్క చేద్దాం. ఇంజను తిప్పే స్టార్టరు మోటారుకు 2,400 వాట్ల సామర్థ్యం కావాలనుకోండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీకు తెలుసు. 6 వోల్టులయితే 400 ఆంపియర్ల ప్రవాహం కావాలి. 12 వోల్టులయితే 200 చాలు. 24 వోల్టులయితే 100 సరిపోతుంది.

ఇప్పుడు జౌల్ నియమం గుర్తుకు తెచ్చుకోండి. తీగలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ప్రవాహం నాలుగో వంతుకు తగ్గితే, అదే తీగలో వృథాగా పోయే వేడి పదహారో వంతుకు తగ్గిపోతుంది. అందుకే 24 వోల్టులతో సన్నని తీగలు వాడినా పని జరుగుతుంది. చలిలో బిగుసుకుపోయిన పెద్ద ఇంజనును తిప్పడం తేలిక. సైనిక రేడియోలకు కావలసినంత విద్యుత్తు ఇవ్వడమూ తేలిక. నిత్యం మనం చూసే లారీలూ బస్సుల్లో కూడా చాలావాటికి 24 వోల్టులు ఉండడానికి కారణం ఇదే.

బ్యాటరీ పొట్టలో ఏముంది?

సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టాడు. ఇందులో రెండు రకాల పలకలుంటాయి. రుణ పలక సీసంతోనూ, ధన పలక సీసం డయాక్సైడుతోనూ చేసినవి. ఈ రెండూ నీరు కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మునిగి ఉంటాయి. ఇలాంటి ఒక్క ఘటం సుమారు 2 వోల్టులు ఇస్తుంది. ఆరు ఘటాలను వరసగా కలిపితే 12 వోల్టుల బ్యాటరీ అవుతుంది. ఎం-35లో రెండు బ్యాటరీలు కాబట్టి మొత్తం పన్నెండు ఘటాలు.

బ్యాటరీ నుంచి విద్యుత్తు వాడుకొంటున్నప్పుడు రెండు పలకల మీదా సీసం సల్ఫేటు ఏర్పడుతుంది. ఆమ్లం ఖర్చయి నీరు పెరుగుతుంది. ఛార్జి చేసినప్పుడు ఇదంతా వెనక్కు జరుగుతుంది. కాబట్టి ఆమ్లం ఎంత చిక్కగా ఉందో చూస్తే బ్యాటరీలో ఎంత ఛార్జి ఉందో తెలిసిపోతుంది. బ్యాటరీ దుకాణాల్లో గాజు గొట్టంతో ద్రవాన్ని పైకి పీల్చి చూస్తుంటారు కదా, అది హైడ్రోమీటరు. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీలో ఆమ్లం విశిష్ట సాంద్రత సుమారు 1.28 ఉంటుంది. ఛార్జి పోయేకొద్దీ అది 1.12 దాకా దిగుతుంది.

చలిదేశాల్లో దీనితో మరో చిక్కుంది. నిండుగా ఛార్జి ఉన్న బ్యాటరీలోని ఆమ్లం సున్నాకు 50 డిగ్రీల సెల్సియస్ దిగువన కూడా గడ్డకట్టదు. ఛార్జి పోయిన బ్యాటరీలో ఉండేది చాలావరకు నీరే కాబట్టి అది సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువనే గడ్డకట్టి, పెట్టెను పగలగొట్టేస్తుంది.

వరసా? పక్కపక్కనా?

రెండు బ్యాటరీలను రెండు విధాలుగా కలపవచ్చు. ఒక్కొక్కటి 12 వోల్టులు, 100 ఆంపియర్-గంటలు అనుకోండి. 100 ఆంపియర్-గంటలంటే 5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వగలదని అర్థం.

మొదటిదాని రుణ ధ్రువాన్ని రెండోదాని ధన ధ్రువానికి కలిపితే అది శ్రేణి సంధానం. వోల్టులు కూడుకొని 24 అవుతాయి. ఆంపియర్-గంటలు మాత్రం 100గానే ఉంటాయి. ధన ధ్రువాలను ధన ధ్రువాలతోనూ, రుణ ధ్రువాలను రుణ ధ్రువాలతోనూ కలిపితే అది సమాంతర సంధానం. ఇక్కడ వోల్టులు 12గానే ఉండి, ఆంపియర్-గంటలు 200 అవుతాయి.

“రెండు బ్యాటరీలు పెడితే 24 వోల్టులూ, 200 ఆంపియర్-గంటలూ రెండూ వస్తాయి” అని ఎవరైనా అంటే నమ్మకండి. 24ను 100తో గుణించినా, 12ను 200తో గుణించినా 2,400 వాట్-గంటలే. సంధానం మార్చినంత మాత్రాన శక్తి పెరగదు. అది కూడా రెట్టింపు కావాలంటే నాలుగు బ్యాటరీలు కావాలి. రెండేసి చొప్పున వరసగా కలిపి, ఆ రెండు జంటలనూ పక్కపక్కన కలపాలి. కొన్ని పెద్ద సైనిక ట్రక్కుల్లో ఇలాగే నాలుగు ఉంటాయి. ఎం-35లో ఉండేది ఒక్క జంటే. అది శ్రేణి సంధానంలో ఉంటుంది.

ఇక్కడ ఒక్క మాట గుండెలో రాసుకోండి. శ్రేణి సంధానంలో అన్ని భాగాల గుండా ఒకే ప్రవాహం పోతుంది. మన చిక్కు ప్రశ్నకు తాళంచెవి ఇదే.

కాడికి కట్టిన ఎద్దులు

జోడెడ్లను కొనే రైతును చూడండి. ఒకటి బలమైనదీ, ఒకటి బక్కచిక్కినదీ తెచ్చి ఒకే కాడికి కట్టడు. కడితే బలమైనది ముందుకు లాగుతుంది, బక్కది వెనకబడుతుంది, మెడలు రెండింటివీ పుండ్లవుతాయి. శ్రేణిలో కలిపిన బ్యాటరీలు కూడా అలాంటి జోడెడ్లే. కాడి వాటిని విడివిడిగా నడవనివ్వదు.

మన ట్రక్కు యజమాని పాతదానికి కొత్తదాన్ని జతచేశాడు. ఇంజను స్టార్టు చేసినప్పుడు రెండింటి నుంచీ ఒకే ప్రవాహం పోతుంది. పాతదానికి ఉన్న ఛార్జే తక్కువ కనుక అది ముందు ఖాళీ అవుతుంది. తిరిగి ఛార్జి చేసేటప్పుడూ అంతే. తక్కువ పట్టేది ముందు నిండిపోతుంది. రెండోది ఇంకా నిండకపోయినా ప్రవాహం దీని గుండా కూడా పోతూనే ఉంటుంది.

ఇది చాలదన్నట్లు ఆయన రేడియోను ఒక్క బ్యాటరీకే తగిలించాడు. పాత సైనిక వాహనాల యజమానులు తరచుగా చేసే పొరపాటు ఇది. 12 వోల్టులు కావాలి, 12 వోల్టుల బ్యాటరీ కళ్లెదుటే ఉంది, దాన్నుంచి తీసుకొంటే పోలేదా అనిపిస్తుంది. ఏమవుతుందో చూడండి.

రేడియో రోజుకు కొంత చొప్పున రెండో బ్యాటరీ ఛార్జి మాత్రమే తాగుతుంది. మొదటిది నిండుగానే ఉంటుంది. ఇంజను నడుస్తున్నప్పుడు జనరేటరు మొత్తం 28 వోల్టులు ఇస్తుందనుకోండి. రెండు బ్యాటరీలు సమానంగా ఉంటే చెరి 14 వోల్టులు పంచుకొంటాయి. అదే సరైన మోతాదు. ఇప్పుడు అవి సమానంగా లేవు. నిండినది 15 వోల్టులకు ఎగబాకుతుంది. ఆకలిగా ఉన్నదానికి 13 మిగులుతాయి. పదిహేనూ పదమూడూ కలిస్తే ఎంత? ఇరవై ఎనిమిదే! మీటరు చూపేది ఆ మొత్తాన్నే. అందుకే ముల్లు ఉండవలసిన చోటే ఉంది.

15 వోల్టుల దగ్గర బ్యాటరీలోని నీరు హైడ్రోజన్, ఆక్సిజన్ వాయువులుగా విడిపోయి ఎగిరిపోతుంది. పలకలు తేలతాయి, తుప్పుపడతాయి. 13 వోల్టులు అందుకొనేది ఎన్నటికీ పూర్తిగా నిండదు. దాని పలకల మీది సీసం సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుపోయి, ఇక వెనక్కు మారదు. ఒకటి అజీర్తితో పోయింది, ఒకటి ఆకలితో పోయింది. చిక్కు ప్రశ్నకు జవాబు దొరికింది కదా!

మరి రేడియో వినకూడదా? వినవచ్చు. 24 వోల్టులను 12 వోల్టులుగా మార్చే కన్వర్టరు అనే పరికరం దొరుకుతుంది. దానికి రెండు బ్యాటరీల మొత్తం వోల్టేజి ఇవ్వాలి. అప్పుడు భారం రెండింటి మీదా సమానంగా పడుతుంది. రెండు బ్యాటరీల వోల్టేజి తేడాను ఎప్పటికప్పుడు సరిచేసే ఈక్వలైజర్లు కూడా ఉన్నాయి.

ఏ బ్యాటరీ కొనాలి?

ఇప్పుడు మీరే ఆ ట్రక్కు యజమాని అనుకోండి. దుకాణంలో ఏమేమి అడుగుతారు?

మొదటి సంగతి: రెండూ ఒకేసారి కొనాలి. ఒకే రకం, ఒకే సామర్థ్యం, ఒకే వయసు ఉండాలి. ఒకటి చెడిపోతే రెండూ మార్చాలి. ఖర్చు ఎక్కువే అనిపిస్తుంది. కాని ఒక్కటే మార్చినాయనకు చివరికి ఎంతయిందో చూశారుగా.

రెండోది: అది ఇంజను స్టార్టు చేయడానికి పనికివచ్చే బ్యాటరీయేనా? స్టార్టరుకు కొన్ని సెకండ్లపాటు వందల ఆంపియర్లు కావాలి. అందుకోసం పల్చని పలకలు ఎక్కువ పెడతారు. నెమ్మదిగా, గంటల తరబడి వాడుకొనే బ్యాటరీల్లో మందమైన పలకలుంటాయి. రెండోరకం తెచ్చి పెడితే ఆంపియర్-గంటలు ఎన్ని ఉన్నా ఇంజను బద్ధకంగా తిరుగుతుంది. అందుకే చలిదేశాల్లో బ్యాటరీ మీద మరో అంకె కూడా వేస్తారు. సున్నాకు 18 డిగ్రీల దిగువన, 12 వోల్టుల బ్యాటరీ 7.2 వోల్టుల కంటే కిందికి పడిపోకుండా 30 సెకండ్లపాటు ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఆ అంకె చెబుతుంది.

మూడోది: పెట్టెలో పట్టాలి. సైన్యం వాడే ప్రమాణ బ్యాటరీని ‘6టీ’ రకం అంటారు. పొడవు, వెడల్పు ఒక్కొక్కటి పావు మీటరుకు కొంచెం పైన ఉండి, ఇంచుమించు చదరంగా ఉంటుంది. ఎత్తు 23 సెంటీమీటర్లు. మామూలు లారీ బ్యాటరీలు పెట్టుకొనేవారూ ఉన్నారు. అలాంటప్పుడు అవి కదలకుండా బిగించే ఏర్పాటు చూసుకోవాలి. కుదుపులకు పలకల మీది పదార్థం రాలిపోతుంది. టెర్మినళ్లు పెట్టె మూతకు తగిలాయా, ఇక చెప్పనక్కరలేదు.

నాలుగోది: ద్రవం ఉన్నదా, లేక ఆమ్లాన్ని సన్నని గాజునూలు చాపల్లో పీల్చి ఉంచినదా? రెండోరకాన్ని ‘ఏజీఎం’ అంటారు. 6టీ సైజులో ఇది సుమారు 40 కిలోలు తూగుతుంది. ధర ఎక్కువ. కాని ఆమ్లం ఒలకదు, నీరు పోయనక్కరలేదు, కుదుపులకు బాగా తట్టుకొంటుంది. ద్రవం ఉన్నది చౌక. దానికి అప్పుడప్పుడు స్వేదన జలం పోయాలి. ఏదైనా మంచిదే, కాని ఒకటి అది, ఒకటి ఇది మాత్రం వద్దు. వాటిని ఛార్జి చేయవలసిన వోల్టేజీలలో తేడా ఉంటుంది. కాడికి ఎద్దునూ దున్ననూ కట్టినట్లవుతుంది.

తీగలు కలిపే పద్ధతి

ఎం-35లో రుణ ధ్రువం వాహనపు ఇనుప చట్రానికి కలిసి ఉంటుంది. ప్రవాహం తిరిగివచ్చే దారి ఆ చట్రమే. మొత్తం మూడు తీగలు. మొదటి బ్యాటరీ ధన ధ్రువం నుంచి స్టార్టరు వైపు ఒకటి. మొదటిదాని రుణ ధ్రువానికీ రెండోదాని ధన ధ్రువానికీ మధ్య ఒకటి. రెండోదాని రుణ ధ్రువం నుంచి చట్రానికి ఒకటి.

బిగించేటప్పుడు చట్రానికి పోయే తీగను అన్నిటికంటే చివర బిగించాలి. విప్పేటప్పుడు దాన్నే అన్నిటికంటే ముందు విప్పాలి. ఎందుకో తెలుసా? చట్రం తీగ కలిసి ఉండగా మీరు ధన ధ్రువం మీది నట్టు విప్పుతున్నారనుకోండి. చేతిలోని పానా జారి చట్రానికి తగిలింది. 24 వోల్టులకు అడ్డదారి దొరికింది! ఒక్కొక్క బ్యాటరీ అంతర్నిరోధం 0.005 ఓమ్ అనుకొంటే రెండింటికీ కలిపి 0.01 ఓమ్. ఓమ్ నియమం ప్రకారం భాగించండి. 2,400 ఆంపియర్లు! పానా ఎర్రగా కాలి అక్కడే అతుక్కుపోవచ్చు. చట్రం తీగ ముందే విప్పి ఉంటే అదే పానా అక్కడే తగిలినా ఏమీ కాదు. వలయం పూర్తి కాదు కదా. అయితే ఒకే బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ పానా అడ్డంగా పడితే ఈ జాగ్రత్త కూడా కాపాడలేదు. అందుకే పని ముగిసేదాకా మిగతా టెర్మినళ్లను రబ్బరుతో కప్పి ఉంచాలి. చేతి ఉంగరాలు, గడియారం తీసి పక్కన పెట్టాలి.

తీగ చివరలు శుభ్రంగా ఉండాలి. ఇదీ లెక్కే. 70 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రెండు మీటర్ల పొడవుంటే దాని నిరోధం 0.0005 ఓమ్. స్టార్టరు 400 ఆంపియర్లు లాగిన క్షణంలో అందులో పోయేది 0.2 వోల్టులే. కాని టెర్మినల్ మీద తెల్లని పొడి పేరుకొని ఆ ఒక్కచోట 0.01 ఓమ్ నిరోధం ఏర్పడిందా, అక్కడే 4 వోల్టులు పోతాయి. 1,600 వాట్ల వేడి పుడుతుంది. “బ్యాటరీ పోయింది” అని పారేసేముందు గరుకు కాగితంతో టెర్మినల్ రుద్ది చూడడం మంచిదని మెకానిక్కులు అందుకే అంటారు.

ఛార్జి అవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుందని చెప్పుకొన్నాం. అది గాలితో కలిస్తే చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. దాని దగ్గర అగ్గిపుల్ల గీయకూడదు. మూసిన గదిలో ఛార్జి చేయకూడదు. ఆమ్లం చర్మం మీద పడితే వెంటనే ధారాళంగా నీళ్లతో కడగాలి. కంట్లో పడితే చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మీరే చేసి చూడండి

ట్రక్కు బ్యాటరీలతో మీరు ఏ ప్రయోగమూ చేయవద్దు. ఇందాకటి 2,400 ఆంపియర్లు గుర్తున్నాయి కదా. జోడెడ్ల సూత్రాన్ని చూడడానికి టార్చిలైటు సెల్లులు రెండు చాలు.

ఒకటి కొత్తది, ఒకటి బాగా వాడి నీరసించినది తీసుకోండి. వాటిని వరసగా పెట్టి టార్చి బల్బును వెలిగించండి. బల్బు మందంగా వెలుగుతుంది. వెలుగుతుండగానే మల్టీమీటరుతో ముందు మొత్తం వోల్టేజి, తర్వాత ఒక్కొక్క సెల్లు వోల్టేజి కొలిచి రాసుకోండి. బల్బు తీసేసి మళ్లీ కొలవండి. పని లేనప్పుడు పాత సెల్లు కూడా ఫరవాలేదనిపించే వోల్టేజి చూపుతుంది. పని పడినప్పుడే దాని వోల్టేజి జారిపోతుంది. అయిదు నిమిషాలలోపే ప్రయోగం ముగించి సెల్లులను విడదీయండి. అలాగే వదిలేస్తే పాతది కారిపోవచ్చు.

ఈ ప్రయోగంలో రెండు పాఠాలున్నాయి. బ్యాటరీ బలం తెలియాలంటే అది పనిచేస్తుండగా కొలవాలి. జంట ఎలా ఉందో తెలియాలంటే మొత్తాన్ని కాదు, ఒక్కొక్కదాన్నీ విడిగా కొలవాలి. ఆ ట్రక్కు యజమాని నెలకొకసారి చవకరకం మీటరుతో రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలిచి ఉంటే, 15నూ 13నూ కళ్లారా చూసేవాడు. సకాలంలో రేడియో తీగ విప్పేవాడు.

మీ ఇంట్లోనో, బడిలోనో ఇన్వర్టరుకు రెండు బ్యాటరీలు కలిపి ఉంటే, ఎప్పుడైనా దాన్ని బాగుచేయడానికి వచ్చే మనిషిని అడగండి: “ఈ రెండూ ఒకే వయసువేనా? విడివిడిగా కొలిచారా?” ఆయన మీవంక ఆశ్చర్యంగా చూస్తాడు. తర్వాత మీటరు బయటికి తీస్తాడు.